కోవర్కింగ్ స్పేస్ తెరిచే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్‌లో అద్దె భవనం తీసుకుని, పర్యావరణానికి భారం కాని కోవర్కింగ్ స్పేస్ (వేర్వేరు పనులవాళ్లు అద్దె కట్టి పంచుకునే ఆఫీసు) నడపాలనుకుంటే, అడ్వాన్సు ఇచ్చే ముందే ఇవి చూసుకోండి.

• భవనాన్ని మిట్టమధ్యాహ్నం దాటాక చూడండి. పడమటి వైపు నిలువెత్తు అద్దాలుంటే వేసవిలో ఏసీ బిల్లు తడిసి మోపెడవుతుంది. లోపల కట్టిన తెర వెలుతురును ఆపుతుంది కానీ, అద్దం దాటి వచ్చిన వేడిని పూర్తిగా ఆపలేదు. బయటి వైపు నీడ ఏర్పాటుకు యజమాని ఒప్పుకుంటారేమో అడగండి. కిటికీలు నిజంగా తెరుచుకుంటాయా? చేత్తో తీసి చూడండి. కొన్ని చోట్ల అవి అలంకారమే.

• కరెంటు మీటరు విడిగా ఉండాలి. ఉమ్మడి మీటరైతే మీ పొదుపు ఎవరి ఖాతాలోకి పోయిందో తేలదు. పైకప్పు మీద సోలార్ పలకలకు అనుమతి ఒప్పందంలో రాయించుకోండి.

• ఏసీ 24 డిగ్రీలు, దానితోపాటు ఫ్యాన్లు. రిమోట్లు మాత్రం బల్లల మీద వదలకండి, గొడవలు మీరే తీర్చాల్సి వస్తుంది.

• ఇంకుడు గుంత మూత తీయించి చూడండి. మట్టితో పూడిపోయి ఉంటే అది పేరుకే. వేసవిలో ట్యాంకరు ఎన్ని రోజులకొకసారి వస్తుందో వాచ్‌మన్‌ను అడగండి. యజమాని కన్నా ఆయన సమాధానమే నమ్మదగినది.

• ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, స్పూన్లపై 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది. కాగితపు కప్పులకూ సాధారణంగా లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. స్టీలు గ్లాసులు కొని, కడిగేవారి జీతాన్ని కూడా ఖర్చులో వేసుకోండి.

• పాత బ్యాటరీలు, ఛార్జర్లు తడి, పొడి చెత్త డబ్బాల్లో పడకుండా వేరే పెట్టె పెట్టి, అధీకృత రీసైక్లర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి.