కంపైల్ మధ్యలో కరెంటు పోతే

సూపర్‌టక్స్‌కార్ట్ వంటి కంప్యూటర్ ఆటను ఉబుంటు లినక్స్‌లో సోర్సు కోడ్ నుంచి కంపైల్ చేసుకునేవారికి (అంటే రాసిన కోడ్‌ను యంత్రం నడపగల ప్రోగ్రాముగా మార్చుకునేవారికి), అందులోనూ గాలివాన పట్టగానే కరెంటు పోయే శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో బ్యాటరీ నిలవని పాత ల్యాప్‌టాప్ మీద పనిచేసేవారికి, సగంలో యంత్రం ఆగిపోవడం మామూలే. అలా జరిగినప్పుడు కంపైల్ జరిగే బిల్డ్ ఫోల్డరును తుడిచేసి మళ్లీ మొదలుపెట్టనక్కరలేదు. అదే ఫోల్డరులో, కంపైల్ పనిని నడిపించే మేక్ (make) ఆదేశాన్ని తిరిగి ఇస్తే, అప్పటికే తయారైన ఆబ్జెక్ట్ ఫైళ్లను (ఒక్కో కోడ్ ఫైలు నుంచి తయారయ్యే ‘డాట్ ఓ’ ఫైళ్లను) వదిలేసి మిగిలినవాటినే కంపైల్ చేస్తుంది.

అయితే కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఫైలు అసంపూర్తిగానో, ఖాళీగానో మిగిలిపోవచ్చు. దాని తేదీ కొత్తదే కనుక మేక్ దానిని పూర్తయినదిగానే లెక్కిస్తుంది. చివరికి ఆ ఫైళ్లన్నిటినీ కలిపి లింకు చేసే దశలో ‘ఫైల్ ట్రంకేటెడ్’ అనో, ‘ఫైల్ ఫార్మాట్ నాట్ రికగ్నైజ్డ్’ అనో సందేశం వస్తుంది. అది చూసి కోడ్‌ను అనుమానించకుండా, సందేశంలో పేరున్న ఆ ఒక్క ‘డాట్ ఓ’ ఫైలును తొలగించి మేక్‌ను మళ్లీ నడిపితే చాలు.

కరెంటుతో నిమిత్తం లేకుండానే కంపైలర్ ‘కిల్డ్’ అంటూ ఆగిపోతుంటే మాత్రం అది చాలావరకు ర్యామ్ చాలకపోవడమే. 4 జీబీ యంత్రంలో ప్రాసెసర్ కోర్లన్నిటికీ పని చెప్పకుండా, ఒకేసారి రెండు పనులే నడిపే ‘మేక్ -జె2’తో సరిపెట్టుకోవడం మేలు.