మహేంద్రగిరి ఎండలో హెచ్‌డీఆర్: నా అనుభవం

పర్లాకిమిడి నుంచి ఒడిశాలోని మహేంద్రగిరి కొండ ఎక్కిన ప్రతిసారీ ఇదే గొడవ. కుంతి గుడి రాళ్లకు లైట్ సరిచేస్తే వెనక ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది. మబ్బులకు సరిచేస్తే గుమ్మం లోపల ఏమీ కనబడదు. మిట్టమధ్యాహ్నం ఇంత తేడా ఒక్క ఫొటోలో ఇమడదు.

బ్రాకెటింగ్‌తో, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో తీసి, వాటిని ఒకే హెచ్‌డీఆర్ ఫొటోగా కలపడంతో దారికొచ్చింది. అపర్చర్ ప్రయారిటీలో (లెన్స్ రంధ్రం సైజు మనం పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకునే మోడ్) అపర్చర్ ఎఫ్/8, వెలుగుకు సున్నితత్వం చెప్పే ఐఎస్ఓ 100 పెట్టి వాటిని కదపలేదు. అపర్చర్ మారితే ఫోకస్ లోతు కూడా మారి, ఫొటోలు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవు. మారాల్సింది షట్టర్ ఒక్కటే. రెండేసి స్టాపుల తేడాతో మూడు ఫొటోలు: సెకనులో 1/1000, 1/250, 1/60 వంతు. స్టాపుకు వెలుగు రెట్టింపు కదా, అంటే మొదటిదానికీ చివరిదానికీ 16 రెట్లు తేడా. రా ఫార్మాట్ (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫైలు) తప్పనిసరి.

తర్వాత హిస్టోగ్రామ్ చూడాలి, అంటే ఫొటోలో ఎడమ నుంచి కుడికి చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు. అన్నిటికన్నా చీకటి ఫొటోలో గ్రాఫు కుడి అంచుకు తగలకూడదు, వెలుగు ఫొటోలో ఎడమ అంచుకు తగలకూడదు. తగిలితే మూడు చాలవు, ఐదు తీయాలి.

ఆ కొండ మీద గాలి మామూలుగా ఉండదు. ట్రైపాడ్ కాళ్లు పొట్టిగా ఉంచి, రెండు సెకన్ల టైమర్ పెట్టాను. అయినా గడ్డి ఊగుతుంది, కలిపాక దయ్యంలా రెండు మూడు నీడలు పడతాయి. ఫొటోలు కలిపే సాఫ్ట్‌వేర్‌లో ఆ నీడల్ని తీసేసే డీగోస్ట్ మధ్యస్థంగా పెడితే పోయాయి.

చీకటి భాగాల్ని వెలిగించే షాడోస్ స్లైడర్ మాత్రం సగంలోనే ఆపండి. ఇంకా లాగితే గుడి శిఖరం చుట్టూ తెల్లటి గీత వచ్చేస్తుంది. గుమ్మంలో కాస్త చీకటి ఉంటేనే అది గుడిలా ఉంటుంది, నా మటుకు.