చెన్నైలో తెలుగింటి క్రిస్మస్: ముందు బైబిల్ వాక్యం, తర్వాత వంటలు

డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, అంటే పండుగకు ముందే జరిపే వేడుకలు, మొదలవుతాయి. ఆఫీసులో ఒకటి, అపార్ట్‌మెంట్‌లో ఒకటి, సంఘంలో రెండు. 24 వచ్చేసరికి కేకు మొహం మొత్తేస్తుంది, ఇంట్లో ప్రార్థనకు కూర్చునే ఓపిక ఎవరికీ మిగలదు. కాబట్టి స్టార్ కొనేలోపే కుటుంబ ప్రార్థన వేళ ఖాయం చేసుకోండి. రాత్రి భోజనానికి ముందు పావుగంట చాలు. తిన్నాక అంటే పిల్లలు తూగుతారు.

లూకా సువార్తలో 24 అధ్యాయాలు. డిసెంబరు 1 నుంచి రోజుకొకటి చదివితే 24కి పూర్తవుతుంది. చిక్కల్లా మొదటి అధ్యాయంతోనే: 80 వచనాలు, పిల్లలు ఆ రోజే బెదిరిపోతారు. దాన్ని నవంబరు 29, 30, డిసెంబరు 1 తేదీలకు పంచండి: 1–25, 26–56, 57–80. ఇలా చదివితే యేసు జననం 2నే వచ్చేస్తుంది, 23న సిలువ, 24న పునరుత్థానం. తేదీలు తప్పాయని సర్దబోకండి, ఈ పద్ధతిలో ఉన్న బలమే అది. 2న పొత్తిగుడ్డల్లో చుట్టిన బిడ్డను, 23న నారబట్టలో చుట్టి సమాధిలో పెడతారు. పొత్తిగుడ్డ అంటే ఏమిటని పిల్లలు అడుగుతారు, నలిగి మెత్తబడిన పాత పంచె ముక్క ఒకటి చేతికివ్వండి. 24 రాత్రి మాత్రం 2:1–20 మళ్లీ చదవాలి.

ఇక్కడి బళ్లలో చదివే మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అలాగని ఇంగ్లీషు బైబిల్ ఇచ్చేస్తే ఇంటి ప్రార్థన భాషే మారిపోతుంది. లూకా 2:8–14లో 7 వచనాలు. ఒక్కోదానికి రెండు రోజులు, డిసెంబరు 8న మొదలుపెడితే 21కి నోటికొస్తాయి. పెద్దవాళ్లు పలకాలి, పిల్లలు తిరిగి పలకాలి. గ్రాంథికం దగ్గర నాలుక తడబడుతుంది, ముందు అర్థం చెప్పి ఆ తర్వాతే వచనం పట్టించండి.

ఇక్కడి ప్యారిస్ కార్నర్ బజారు సందుల్లో కాగితం స్టార్లు ముచ్చటగా ఉంటాయి గానీ, బాల్కనీలో ఒక్క వానకే జిగురు ఊడిపోతుంది. బయటికి ప్లాస్టిక్‌ది, హాల్లోకి కాగితంది. లోపల 5 వాట్ల ఎల్‌ఈడీ చాలు, పాత 60 వాట్ల బల్బు కాగితాన్ని మాడ్చేస్తుంది. బయట వైరుకు అతుకు ఉండకూడదు.

యేసు పుట్టుకను చూపే బొమ్మల పశువుల పాకకు పచ్చిక కావాలంటే, గుప్పెడు రాగులు రాత్రంతా నానబెట్టి డిసెంబరు 12న ట్రేలో అంగుళం మందం మట్టి మీద చల్లండి. నీళ్లు పోయొద్దు, చిలకరించండి. ఈ ముసురుకు తడి ఎక్కువైతే బూజు పడుతుంది. గడ్డి పక్కన కొవ్వొత్తి అసలు పెట్టొద్దు. బొమ్మలన్నీ ఒకే రోజు పేర్చేయడం చాలామంది చేసే పొరపాటు. తొట్టి ఖాళీగా ఉంచండి. 24 రాత్రి లూకా 2లో 7వ వచనం దగ్గర చదవడం ఆపి, ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ల చేత బాలయేసును పడుకోబెట్టించండి. జ్ఞానుల సంగతి మత్తయి ఒక్కడే రాశాడు. అందులో ముగ్గురని లేదు, పాకకు వచ్చారనీ లేదు, ‘ఇంటికి’ వచ్చారని ఉంది. అందుకే వాళ్లను టీవీ స్టాండ్ దగ్గర నిలబెట్టి, రోజుకు కాస్త ముందుకు జరుపుతూ, జ్ఞానుల రాకను తలచుకునే జనవరి 6కి చేర్చండి.

అరిసెలు 19కల్లా అయిపోవాలి. బియ్యం నానడానికే ఒక రోజు పడుతుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. 24కి వాయిదా వేస్తే హాల్లో అందరూ పాడుతుంటే, అమ్మ ఒక్కతే పాకం దగ్గర ఉండిపోతుంది. పక్కింటివాళ్లకు పంచే పొట్లాల మీద వచనం తమిళంలో రాయించండి, చదువుకుంటారు.

బట్టల కోసం అనుకున్న డబ్బులో పదో వంతు ఇతరులకిచ్చేందుకు 1వ తేదీనే కవర్లో పక్కన పెట్టండి. పనమ్మాయికి చీర ఇస్తే 10వ తేదీలోపే ఇవ్వండి, జాకెట్టు కుట్టుకూలితో సహా. టైలర్లు 15 దాటితే కొత్తవి తీసుకోరు.

జనవరి 6 సాయంత్రం మత్తయి 2:1–12 చదివాకే స్టార్ దించండి. బొమ్మలను ఒక్కొక్కటిగా న్యూస్‌పేపర్లో చుట్టి, బాలయేసును వేరే డబ్బాలో పెట్టండి. పెద్ద బొమ్మల మధ్య పడేస్తే వచ్చే ఏడాదికి దొరకదు.