డ్రోన్ చిత్రాలతో భూ వినియోగ ప్రణాళిక అమలును ఎలా గమనించాలి?

మాస్టర్ ప్లాన్‌లో ఆకుపచ్చ రంగు వేసిన చోట నిజంగా చెట్లే మిగిలాయా, చెరువు చుట్టూ వదలవలసిన జాగా వదిలారా, నివాస జోన్‌లో గోదాములు లేస్తున్నాయా అన్నది ఏళ్ల తరబడి ఎవరో ఒకరు చూస్తూ ఉండవలసిన విషయం. ఉపగ్రహ చిత్రాలు ఇందుకు కొంతవరకే పనికొస్తాయి. ఉచితంగా దొరికే సెంటినెల్-2 చిత్రంలో ఒక పిక్సెల్ నేల మీద 10 మీటర్లు, అంటే ఒక మామూలు ఇల్లు ఒకటి రెండు పిక్సెళ్లలో ఇమిడిపోతుంది. డ్రోన్ చిత్రంలో అదే పిక్సెల్ రెండు మూడు సెంటీమీటర్లే కాబట్టి ప్రహరీ గోడ, కొత్తగా పోసిన మట్టి, తవ్విన పునాది కూడా కనబడతాయి. అయితే ఒకసారి ఎగరేసి తీసిన చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా దానిని పర్యవేక్షణ అనలేము. ఒకే చోటును ఒకే పద్ధతిలో మళ్లీ మళ్లీ తీసి పోల్చడమే పర్యవేక్షణ, కింది దశలన్నీ ఆ పోలిక చెడకుండా ఉండేందుకే.

మొదటి దశ: ఏం చూడాలో రాసుకోవడం

ఆక్రమణలను గమనించాలా, పచ్చదనం తగ్గుతోందేమో చూడాలా, అనుమతించిన అంతస్తులకు మించి కడుతున్నారా అన్నది ముందే తేల్చుకోవాలి. ఎంత చిన్న మార్పును నమోదు చేస్తారో కూడా ఇప్పుడే నిర్ణయించుకోవాలి. ఉదాహరణకు 20 చదరపు మీటర్ల కంటే చిన్న నిర్మాణాన్ని లెక్కలోకి తీసుకోకూడదని అనుకుంటే, ఆ సంగతి రాసిపెట్టుకుని ప్రతిసారీ దానికే కట్టుబడాలి. ఈ హద్దు లేకపోతే రెండో సర్వే చేసిన వ్యక్తి మొదటి వ్యక్తి వదిలేసినవన్నీ కొత్త మార్పులుగా చూపిస్తాడు.

రెండో దశ: అనుమతులు

డ్రోన్ నమోదు, పైలట్ అర్హత, ఎగరకూడని మండలాల నిబంధనలు ఏ దేశానివి ఆ దేశానికి ఉంటాయి. చాలా దేశాలలో మామూలు డ్రోన్లు నేల నుంచి 120 మీటర్లకు మించి ఎగరకూడదు. ఇళ్ల పెరళ్లు, మేడల పైభాగాలు కూడా చిత్రాలలో పడతాయి కనుక స్థానికులకు ముందుగా తెలియజేయడం, మనుషులు గుర్తుపట్టేలా ఉన్న చిత్రాలను బయటపెట్టకపోవడం చట్టం అడిగినా అడగకపోయినా పాటించవలసిన మర్యాద.

మూడో దశ: ఎత్తు, ఓవర్‌ల్యాప్ లెక్క

సెన్సర్ వెడల్పు 13.2 మిల్లీమీటర్లు, లెన్సు ఫోకల్ లెంగ్త్ 8.8 మిల్లీమీటర్లు, చిత్రం వెడల్పు 5,472 పిక్సెళ్లు ఉన్న కెమెరాను తీసుకుందాం. 100 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కో చిత్రం సుమారు 150 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవు గల నేలను చూపుతుంది. ఒక పిక్సెల్ 2.7 సెంటీమీటర్లు అవుతుంది. ముందు వెనుక చిత్రాల మధ్య 80 శాతం, పక్క వరుసల మధ్య 70 శాతం ఓవర్‌ల్యాప్ (ఒక చిత్రంలోని నేల పక్క చిత్రంలోనూ పడటం) కావాలంటే ప్రతి 20 మీటర్లకు ఒక చిత్రం తీస్తూ, 45 మీటర్ల ఎడంతో వరుసలు వేసుకోవాలి. చదరపు కిలోమీటరుకు దాదాపు 1,150 చిత్రాలు వస్తాయి. బ్యాటరీలు, మెమరీ కార్డులు దీనిని బట్టి సిద్ధం చేసుకోవాలి.

ఎత్తుపల్లాలున్న చోట ఈ లెక్క తప్పుతుంది. డ్రోన్ చూపే ఎత్తు సాధారణంగా అది లేచిన చోటి నుంచి కొలిచినది. దారిలో 40 మీటర్ల గుట్ట వస్తే కెమెరాకు, నేలకు మధ్య 60 మీటర్లే మిగులుతాయి. అప్పుడు 80 శాతం అనుకున్న ఓవర్‌ల్యాప్ 67కి, 70 అనుకున్నది 50కి పడిపోయి, గుట్ట మీద ఖాళీలు రావచ్చు. అందుకే నేల తీరును అనుసరించి ఎగిరే సదుపాయం ఉంటే వాడాలి, లేకపోతే గుట్టను విడిగా తీయాలి.

నాలుగో దశ: నేల మీద గుర్తులు

తొందరలో చాలామంది వదిలేసే దశ ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా ఇదే. మామూలు జీపీఎస్ స్థానంలో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. జనవరిలో తీసిన పటం రెండు మీటర్లు తూర్పుకు, వచ్చే జనవరిది ఒక మీటరు పడమరకు జరిగితే, కదలని గోడ మూడు మీటర్లు నడిచినట్టు కనిపిస్తుంది. దీనిని నివారించడానికి నలుపు తెలుపు గళ్లున్న పలకలను ప్రాంతపు అంచుల్లోనూ మధ్యలోనూ పరచి, సర్వే స్థాయి పరికరంతో వాటి స్థానాలను సెంటీమీటర్ల కచ్చితత్వంతో కొలవాలి. పై లెక్క ప్రకారం 60 సెంటీమీటర్ల పలక చిత్రంలో 22 పిక్సెళ్లుగా కనిపిస్తుంది కాబట్టి దాని మధ్య బిందువును తేలికగా గుర్తించవచ్చు. వీటిని గ్రౌండ్ కంట్రోల్ పాయింట్లు అంటారు.

కొలిచిన పలకలలో కొన్నిటిని ప్రాసెసింగ్‌కు ఇవ్వకుండా పక్కన పెట్టి, పటం తయారయ్యాక తప్పు ఎంతో చూడటానికి మాత్రమే వాడాలి. ఆర్‌టీకే (జీపీఎస్ స్థానాన్ని ఎగురుతుండగానే సెంటీమీటర్ల దాకా సవరించే పద్ధతి) ఉన్న డ్రోన్ వాడినా ఈ పరీక్ష మానకూడదు. రాబోయే సర్వేలలోనూ పనికొచ్చేలా మ్యాన్‌హోల్ మూతల వంటి కదలని గుర్తులను కూడా కొలిచి పెట్టుకోవడం మంచిది.

ఐదో దశ: ఎగరవేయడం

నీడలు తక్కువగా ఉండే మధ్యాహ్నపు వేళ, గాలి నెమ్మదించినప్పుడు ఎగరవేయాలి. డ్రోన్ సెకనుకు 10 మీటర్లు పోతూ షటర్ సెకనులో వెయ్యో వంతు తెరుచుకుంటే చిత్రం ఒక సెంటీమీటరే కదులుతుంది, రెండువందలో వంతు అయితే ఐదు సెంటీమీటర్లు కదిలి మసకబారుతుంది. ప్రతి ఏడూ అదే రుతువులో తీయాలి. వానల తరువాతి పచ్చదనాన్ని ఎండాకాలపు ఎండుగడ్డితో పోలిస్తే లేని నష్టం కనిపిస్తుంది.

ఆరో దశ: ప్రాసెసింగ్

ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ చిత్రాలను కలిపి ఆర్థోమొజాయిక్ అనే కొలవదగిన పటాన్ని, దానితోపాటు ఉపరితల ఎత్తుల నమూనాను ఇస్తుంది. అన్ని సర్వేలకూ ఒకే కోఆర్డినేట్ వ్యవస్థను (నేల మీది స్థానాలను అంకెలలో చెప్పే పద్ధతిని) ఎంచుకోవాలి.

ఏడో దశ: ప్లాన్‌తో పోల్చడం

క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో పాత పటం, కొత్త పటం, జోన్ల లేయర్ ఒకదానిపై ఒకటి పరచి, గళ్లుగా విభజించి, ఒక్కో గడిని వరుసగా చూడండి. ఇక్కడ మూడు పొరపాట్లు తరచుగా జరుగుతాయి.

మొదటిది ప్లాన్ గీతను అతిగా నమ్మడం. 1:10,000 స్కేలు పటంలో అర మిల్లీమీటరు మందం గల గీత నేల మీద ఐదు మీటర్లను కప్పుతుంది. డ్రోన్ చిత్రం ఎంత సూక్ష్మమైనదైనా, అలాంటి గీతను ఆధారం చేసుకుని ఒక కుటుంబం రెండు మీటర్లు లోపలికి కట్టిందని చెప్పడం అన్యాయం. అంత చిన్న తేడా తేలాలంటే హద్దు రాళ్లకు కొలిచిన రికార్డులు కావాలి.

రెండోది ఎత్తైన భవనాలు ఒరిగినట్టు కనిపించడం. 100 మీటర్ల ఎత్తులో ఉన్న కెమెరాకు సరిగ్గా కింద ఉన్న బిందువు నుంచి 40 మీటర్ల దూరంలో 15 మీటర్ల భవనం ఉంటే, ఆ ఒక్క చిత్రంలో దాని పైకప్పు అంచు ఏడు మీటర్లు బయటికి జరిగి పడుతుంది. ఆర్థోమొజాయిక్‌లో ఇది తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. రోడ్డుకు వదిలిన జాగాను పైకప్పు అంచు నుంచి కాక, గోడ మొదలు నుంచే కొలవాలి.

మూడోది, పైనుంచి కనిపించేది నేల మీద ఉన్న కప్పు మాత్రమేనని, దాని కింద జరిగే వినియోగం కాదని మరచిపోవడం. ఒక రేకుల షెడ్డు పశువుల కొట్టం కావచ్చు, రంగుల గోదాము కావచ్చు, వెల్డింగ్ దుకాణం కావచ్చు. బయట ఆగిన లారీలు, పేర్చిన డ్రమ్ములు, ఎగ్జాస్ట్ గొట్టాలు అనుమానాన్ని పెంచగలవు గాని నిర్ధారించలేవు.

ఎత్తుల నమూనాలను ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తే అదనపు అంతస్తులు, చెరువులో పోసిన మట్టి బయటపడతాయి. ఒక్కో నమూనాలో 10 సెంటీమీటర్ల తప్పు ఉంటే తేడాలో సుమారు 14 సెంటీమీటర్ల తప్పు ఉంటుంది, అంతకన్నా తక్కువ మార్పును పట్టించుకోనవసరం లేదు.

ఎనిమిదో దశ: నేల మీద తనిఖీ

గుర్తించిన ప్రతి మార్పుకూ ఒక నంబరు ఇచ్చి, అక్కడికి స్వయంగా వెళ్లి చూడాలి. యజమాని దగ్గర అనుమతి పత్రం ఉందేమో అడగాలి. ప్లాన్ తరువాత జోన్ మార్పు జరిగి ఉండవచ్చు. చూసి వచ్చేదాకా జాబితాలో ‘ఉల్లంఘన’ అని కాక ‘పరిశీలించవలసినది’ అని రాయడం న్యాయం.

చివరి దశ: భద్రపరచడం

పటాన్ని మాత్రమే కాక అసలు చిత్రాలను, ఎగిరిన దారి ఫైలును, కంట్రోల్ పాయింట్ల కొలతలను, తేదీని, సమయాన్ని, ఎత్తును, ఓవర్‌ల్యాప్‌ను, సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను, పక్కన పెట్టిన పలకలపై తేలిన తప్పును ఒకే ఫోల్డరులో ఉంచి, మరోచోట ఇంకో ప్రతి దాచాలి. వచ్చే ఏడు ఇదే పని మరొకరు చేయవలసి వచ్చినా, ఆ దారి ఫైలును డ్రోన్‌లోకి ఎక్కించి అవే వరుసల మీద ఎగరవేయగలగాలి.