టీవీ కింద పెట్టే కంప్యూటర్‌కి ఏ భాగాలు కొనాలి: బెజవాడ ఎండనీ, ఇన్వర్టర్‌నీ లెక్కలో పెట్టుకుని

గవర్నర్‌పేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో షాపుకెళ్లి “హోమ్ థియేటర్‌కి పీసీ కావాలండీ” అంటే చాలాసార్లు గేమింగ్ కాన్ఫిగరేషనే రాసిచ్చేస్తారు. గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పవర్ సప్లై), రంగురంగుల లైట్ల ఫ్యాన్లు. సినిమా చూడ్డానికి ఇవేవీ అక్కర్లేదు. కావలసినవి నాలుగే: ఫార్మాట్లన్నీ ఆడించే ప్రాసెసర్, 4కే బొమ్మని సెకనుకి 60 సార్లు (60 హెర్ట్జ్) టీవీకి పంపే హెచ్‌డీఎంఐ పోర్టు, చప్పుడు లేకపోవడం, మే నెలలో చచ్చిపోకపోవడం.

ప్రాసెసర్

కుదించి దాచిన వీడియోని విప్పే (డీకోడ్) పని ప్రాసెసర్‌తో పాటే వచ్చే గ్రాఫిక్స్‌లోని ఓ చిన్న భాగం చూసుకుంటుంది. దానికి ఆ ఫార్మాట్ వస్తే సీపీయూ మీద భారం దాదాపు ఉండదు. రాకపోతే పనంతా కోర్ల మీద పడి ఫ్యాన్ అరుస్తుంది, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. 4కే సినిమా ఫైళ్లకి 10 బిట్ హెచ్‌ఈవీసీ ఫార్మాట్ తప్పనిసరి. యూట్యూబ్‌కి వీపీ9, ఏవీ1 ఫార్మాట్లు రెండూ ఉండాలి.

ఇంటెల్‌లో 10 బిట్ హెచ్‌ఈవీసీ 7వ తరం నుంచి ఉంది, డెస్క్‌టాప్‌లో ఏవీ1 11వ తరం నుంచి వచ్చింది. ఏఎండీ వాళ్ల రైజన్ 5 5600జీ బాగా అమ్ముడుపోయింది గానీ దానికి ఏవీ1 రాదు. 7000 సిరీస్ డెస్క్‌టాప్ రైజన్లలో ఏవీ1 ఉంది. ఇంటెల్ నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే అసలు గ్రాఫిక్సే ఉండదు. కాస్త తగ్గుతుందని ఐ3-12100ఎఫ్ తెచ్చుకుంటే మదర్‌బోర్డు మీది హెచ్‌డీఎంఐ పోర్టు అలంకారానికి మిగులుతుంది.

చాలా ఇళ్లకి ఇంటెల్ ఎన్100 చిప్పున్న మినీ పీసీ సరిపోతుంది. నాలుగు కోర్లు, 6 వాట్ల చిప్పు, పైన చెప్పిన ఫార్మాట్లన్నీ ఆడిస్తుంది. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. పెద్ద డిస్కులు లోపలే పెట్టాలన్నా, పిల్లలు దాని మీదే చదువుకోవాలన్నా ఇంటెల్ ఐ3-12100 ప్రాసెసర్ తీసుకుని 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు వేయండి. ఇక్కడ గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది, అందుకే ఒకటే 16 జీబీ స్టిక్కు కన్నా జంట మేలు. స్లిమ్ కేసు అయితే కూలర్ ఎత్తు ముందే చూసుకోండి. బాక్సులో వచ్చే ఇంటెల్ కూలరే సుమారు 47 మి.మీ. ఉంటుంది.

ఆఫీసుల్లోంచి తీసేసిన సెకండ్‌హ్యాండ్ మినీ డబ్బాలు చవకే. కాకపోతే 8వ తరం వాటికి ఏవీ1 రాదు, పైగా చాలావాటికి హెచ్‌డీఎంఐ బదులు డిస్‌ప్లేపోర్టే ఉంటుంది. మామూలు అడాప్టర్ పెడితే 4కే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ‘యాక్టివ్’ అని రాసి ఉన్న 60 హెర్ట్జ్ అడాప్టర్ విడిగా కొనుక్కోవాల్సిందే.

ఓటీటీల కోసమే అయితే ఇదంతా దండగ. 4కే నెట్‌ఫ్లిక్స్ పీసీలో రావాలంటే విండోస్, ఎడ్జ్ బ్రౌజరో వాళ్ల యాపో, హెచ్‌డీసీపీ 2.2 (వీడియో కాపీ కాకుండా వేసే తాళం) అన్నీ కుదరాలి. లైనక్స్ బ్రౌజర్లలో 4కే రాదు. ఓటీటీలని టీవీ యాప్‌లకే వదిలేసి, ఈ డబ్బాని సొంత ఫైళ్లకీ, వాటిని ఆడించే కోడీ అనే ప్రోగ్రామ్‌కీ వాడుకోండి.

హెచ్‌డీఎంఐ, సౌండు

బోర్డు కొనేముందు స్పెసిఫికేషన్ పేజీలో హెచ్‌డీఎంఐ వెర్షన్ చదవండి. 1.4 అయితే 4కే 30 హెర్ట్జే వస్తుంది, మౌస్ ఈడ్చినట్టు కదులుతుంది. 2.0 ఉంటే సెకనుకి 18 గిగాబిట్లు (18 జీబీపీఎస్), 4కే 60కి సరిపోతుంది. ఇంటికొచ్చాక టీవీలో ఆ పోర్టుకి ఎన్‌హాన్స్‌డ్, అల్ట్రా హెచ్‌డీ కలర్ లాంటి సెట్టింగ్ ఏదుంటే అది ఆన్ చేయాలి. చేయకపోతే హెచ్‌డీఆర్ (వెలుగునీ రంగులనీ ఇంకా బాగా చూపే పద్ధతి) ఆప్షనే కనబడదు, నింద పీసీ మీద పడుతుంది.

స్పీకర్లని నడిపే ఏవీ రిసీవర్ ఉంటే పీసీని నేరుగా దానికే కలపండి, అక్కణ్నుంచి టీవీకి. ముందు టీవీకి కలిపి మామూలు ఏఆర్‌సీ (టీవీ నుంచి హెచ్‌డీఎంఐలోనే సౌండు వెనక్కి పంపే దారి) మీద సౌండు వెనక్కి తెస్తే ట్రూహెచ్‌డీ, డీటీఎస్ మాస్టర్ ఆడియో లాంటి పెద్ద సౌండు ఫార్మాట్లు ఆ దారిన పట్టవు. వాటికి దాని మెరుగైన రూపం ఈఏఆర్‌సీ కావాలి. ఆప్టికల్ వైరులో అయితే మామూలు డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ 5.1 దాకానే.

మామూలు రాగి కేబుల్ 18 జీబీపీఎస్‌ని సుమారు 5 మీటర్ల దాకా నమ్మకంగా మోస్తుంది. అది దాటితే తెర మీద తెల్ల చుక్కలు మెరుస్తాయి, లేదా రెండు సెకన్లు నల్లగా అయిపోయి మళ్లీ వస్తుంది. అంత దూరమైతే ఫైబర్ హెచ్‌డీఎంఐ కొనండి. దానికి ‘సోర్స్’, ‘డిస్‌ప్లే’ అని చివరలు వేరుగా ఉంటాయి, తిరగేస్తే పనిచేయదు. ఇల్లు కడుతున్నవాళ్లకి ఒక మాట: ఎలక్ట్రీషియన్ వేసే 25 మి.మీ. పైపులో వంపుల దగ్గర హెచ్‌డీఎంఐ తల ఇరుక్కుంటుంది. టీవీ గోడలో 40 మి.మీ. పైపు వేయించి, ఎల్బోల బదులు పొడుగు బెండ్లు పెట్టించండి, లోపల ఒక లాగుడు తాడు వదిలేయండి.

కరెంటు, ఎర్తింగ్

ఇక్కడే ఎక్కువ డబ్బాలు పోయేది. చవక ఇన్వర్టర్లు చదరపు అలల కరెంటు (స్క్వేర్ వేవ్) ఇస్తాయి. ఫ్యాన్లు గుంయ్‌మని తిరిగేస్తాయి గానీ యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని మెయిన్స్ అలకి తగ్గట్టు లాగే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్ దాని మీద మూలుగుతుంది, ఆగిపోతుంది, కొన్నాళ్లకి కాలిపోవచ్చు కూడా. మెయిన్స్‌లాగే నున్నటి అల ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే ఉండాలి. వెనకాల స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలబడేది ఫుల్ లోడ్ మీద 12 నుంచి 17 మిల్లీసెకన్ల దాకా మాత్రమే. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ మారడానికి అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు, అప్పుడు పీసీ రీస్టార్ట్ అవుతుంది. అసలు టీవీ పాయింటు ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో మెయిన్ ఆపి చూసుకోండి.

డబ్బా లోహం మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ లేని కేసు మీద మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజీ తేలుతుంది. మనిషికి జివ్వుమనడంతో సరిపోవచ్చు గానీ, ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ గుచ్చితే పోర్టు పోవచ్చు. మల్టీమీటర్‌తో ఫేజు, ఎర్తు మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్, ఎర్తు మధ్య రెండు మూడు వోల్టుల్లోపు ఉండాలి. ఫేజు, ఎర్తు మధ్య బాగా తక్కువ చూపించినా, రెండోది 5 దాటినా ముందు ఎలక్ట్రీషియన్, తర్వాతే కంప్యూటర్. ఉరుములు మొదలవకముందే ప్లగ్గుతో పాటు సెట్‌టాప్ బాక్సుకొచ్చే కేబుల్ వైరు కూడా పీకేయండి, పిడుగు తాకిడి ఆ దారినా వస్తుంది.

ఎండ, దుమ్ము, చప్పుడు

ఫ్యాన్ లేని డబ్బా చలికాలంలో బ్రహ్మాండంగా ఉంటుంది. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు, అద్దాల తలుపుల టీవీ యూనిట్‌లో పెడితే గంట తర్వాత చిప్పు వేగం తగ్గించేసుకుంటుంది, ఫ్రేములు పోతాయి. వెనక చెక్క కోయించండి, పైనా వెనకా 10 సెం.మీ. ఖాళీ వదలండి. సొంతంగా బిగించే కేసైతే వేగం తగ్గించుకోగల (పీడబ్ల్యూఎం) 120 మి.మీ. ఫ్యాన్ ఒకటి తీసుకుని, నిమిషానికి 800 తిరుగుళ్లు (800 ఆర్‌పీఎం) దాటకుండా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల పేజీ) కట్టడి చేయండి. గాలి లోపలికొచ్చే వైపు జాలీ ఫిల్టర్ ఉండాలి. దాన్ని భోగికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి, ఎండలు ముదరకముందు ఇంకోసారి కడిగితే చాలు.

3.5 అంగుళాల హార్డ్ డిస్కు హాల్లో ఉంటే నిశ్శబ్ద దృశ్యాల్లో గరగర వినిపిస్తుంది. దాన్ని రూటర్ పక్కన ఇంకో గదిలో పెట్టి గిగాబిట్ లాన్ (ఇంట్లోని నెట్‌వర్క్ వైరు) మీద ఆడించడం మేలు. 60 జీబీ సినిమాలు 4 టీబీలో అరవై పైచిలుకు పడతాయి.

వైర్‌లెస్ రిమోట్‌తో వచ్చే యూఎస్‌బీ ముక్కని (డాంగిల్) యూఎస్‌బీ 3 పోర్టు పక్కన గుచ్చకండి. ఆ పోర్టుల రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడి, బటన్లు రెండేసిసార్లు నొక్కాల్సొస్తుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో ముందుకి లాగండి.

రిటర్న్ గడువు లోపలే ఒక పరీక్ష పెట్టండి. కోడీలో ‘అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్’ని స్టార్ట్, స్టాప్ మీద ఉంచండి. ఇది లేకపోతే 24 ఫ్రేముల సినిమాలో కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ తడబడుతుంది. తర్వాత ఒక 4కే ఫైలు రెండు గంటలు ఆగకుండా ఆడించి, మధ్యలో ఓసారి మెయిన్ ఆపి ఇన్వర్టర్ మీదికి రానివ్వండి. ఈ పరీక్ష మధ్యాహ్నం రెండింటికి, ఏసీ వేయకుండా, టీవీ యూనిట్ తలుపులు మూసి చేయాలి.