ఉతికిన బొంత ముడుచుకుపోయిందా? ముందు అంచుపట్టీ చూడండి

బొంత కుట్టడం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. పాత చీరలు పొరలుగా పరచడం, కచ్చా కుట్టు వేయడం, వరుసలు కుట్టుకుంటూ పోవడం మీకు తెలిసినవే. చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. ఇరవై ఒకటో రోజు తొట్టెల దగ్గర అందరూ చేతుల్లోకి తీసుకుని మెచ్చుకున్న బొంత, మొదటిసారి ఉతికి ఆరేసేసరికి రూపే మారిపోతుంది. పసిపిల్లల బొంత రోజుకు రెండుమూడు సార్లు తడుస్తుంది, రోజూ ఉతుకు పడుతుంది. బాలింత ఉన్న ఇంట్లో ఎవరికీ దాన్ని సున్నితంగా ఉతికే తీరిక ఉండదు, ఉండాలని మనం అనుకోనూ కూడదు.

బాగు చెయ్యమని నా దగ్గరికి వచ్చే బొంతల్లో ఎక్కువభాగం ఒకే జబ్బుతో వస్తాయి. అందుకే దాని గురించే ఎక్కువ చెప్తాను, మిగతావి క్లుప్తంగా.

అంచులు బిగుసుకున్నాయి, మూలలు లేస్తున్నాయి

లక్షణం ఇట్లా ఉంటుంది. బొంతను నేల మీద పరిస్తే నాలుగు మూలలూ పైకి లేచి మోదుగాకు దొప్పలా కూర్చుంటుంది. తిరగేసి పరిస్తే నడుమ ఉబ్బు కనిపిస్తుంది. అరచేత్తో ఒత్తితే ఆ ఉబ్బు పక్కకు జరుగుతుంది తప్ప పోదు. ఉతకకముందు ఇవేవీ లేవు.

వెంటనే అందరూ అనేది ఒకటే మాట: "కుట్టు బిగించి లాగినట్టున్న అక్కా." ఇక వరుసలన్నీ విప్పడం మొదలుపెడతారు. వారాల తరబడి పడ్డ కష్టం ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. దయచేసి వరుసల జోలికి పోకండి. కుట్టు బిగిస్తే ఆ ముడతలు ఉతకకముందే, కుట్టిన రోజే కనిపిస్తాయి.

చెయ్యాల్సిన పరీక్ష పది నిమిషాల పని. ఒక మూల పక్కన జానెడు మేర అంచుపట్టీ (నాలుగు అంచులకూ చుట్టి కుట్టిన బట్ట) కుట్టు మాత్రమే విప్పండి. విప్పుతుండగానే బొంత అంచు దానంతట అదే పరుచుకుంటుంది. పట్టీని మళ్లీ అదే చోట ఆనించి చూస్తే అది పొట్టిగా ఉంటుంది, మీరు ముందు కుట్టిన గుర్తు దాకా అందదు. అట్లా అయితే తప్పు పట్టీది, బొంతలో ఏ లోపమూ లేదు. అంచు పరుచుకోకపోతేనే లోపలి పొరల సంగతి చూడాలి.

పట్టీ ఎందుకు పొట్టిదవుతుంది? పై పొర ఏళ్ల తరబడి ఉతికిన చీర. ముడుచుకోవలసింది ఎప్పుడో ముడుచుకుంది. లోపలి పొరలు కూడా పాత ధోవతులో లుంగీలో. అన్నీ ఇంట్లోవే. బొంత అంతటిలో కొత్త బట్ట ఒక్కటే, నాలుగు అంచులకూ చుట్టే ఆ పట్టీ. రంగు కుదరాలని మీటరో మీటరున్నరో దుకాణంలో కొని, సంచిలోంచి తీసి, అప్పటికప్పుడు కత్తిరించి కుట్టేస్తారు. కోరా నూలుబట్ట మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి అయిదు వంతుల దాకా ముడుచుకోవడం మామూలే. పలుచటి వదులు నేత అయితే ఇంకా ఎక్కువ. లెక్క వేసి చూడండి. 36 అంగుళాల చదరపు బొంతకు ఒక పక్క పట్టీ 5 శాతం ముడుచుకుంటే 1.8 అంగుళాలు తగ్గుతుంది. నాలుగు పక్కలా కలిపితే 7 అంగుళాల పైనే. అంచులు అంత పొట్టివైతే నడుమ ఉన్న బట్ట ఎక్కడికి పోతుంది? ఉబ్బుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది, చాలామందికి తట్టనిది. పట్టీలు నిడుపుగా రావాలని, అతుకులు తగ్గాలని మనం బట్టను అంచు వెంబడి, అంటే పడుగు (నిలువు పోగు) దిక్కున కత్తిరిస్తాం. పడుగు పోగును మగ్గం మీద బిగించి లాగి నేస్తారు. పేక (అడ్డం) పోగుకు అంత లాగుడు ఉండదు. మన వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తుంటే మగ్గం దగ్గర నిలబడి చూసినవాళ్లకు ఆ బిగువు తెలుసు. పడుగు మీద వేలు పెట్టి మీటితే తెలిసిపోతుంది. ఆ బిగువు బట్టలో దాగి ఉంటుంది, నీళ్లు తగలగానే పోగు వదులై వెనక్కి పోతుంది. కాబట్టి బట్టలో అన్నిటికన్నా ఎక్కువ ముడుచుకునే దిక్కునే మనం ఏరి కోరి బొంత చుట్టూ కడుతున్నాం. దానికి తోడు కుట్టేటప్పుడు పట్టీ సాఫీగా రావాలని కొంచెం లాగి పడతాం. రెండూ కలిసి అంచును బిగిస్తాయి.

"నేను తడిపాను కదా" అని కొందరంటారు. ఎట్లా తడిపారని అడిగితే బకెట్‌లో ముంచి తీశామంటారు. అది చాలదు. కొత్తబట్టకు గంజి, మెరుపు పూత ఉంటాయి. అవి ఉన్నంతసేపు నీళ్లు పోగులోకి సరిగ్గా దిగవు. ఆరిన బట్ట మీద ఒక్క నీటిచుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడి మెల్లగా జారితే పూత ఇంకా ఉన్నట్టే. వేసీ వేయగానే ఇంకిపోతే పూత పోయినట్టు.

చిత్రమేమిటంటే ఈ పని మనకు కొత్త కాదు. జాకెట్ కుట్టేముందు అస్తరు బట్టను రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి గానీ ఏ టైలరమ్మా కత్తెర పెట్టదు. కస్టమరు తొందరపెట్టినా సరే, తడపని అస్తరు కుట్టదు. అదే మనిషి బొంత పట్టీ దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే మర్చిపోతుంది, చిన్నముక్కే కదా అని. జాకెట్‌కు పాటించే నియమం బొంతకూ పాటిస్తే ఈ జబ్బే రాదు.

కత్తిరించకముందు చెయ్యాల్సింది ఇది. కొత్త బట్ట మీద పెన్సిల్‌తో 10 అంగుళాల చదరం గీయండి. వేడినీళ్లలో సబ్బు పెట్టి బాగా పిసికి ఉతకండి. దండెం మీద లాగి కట్టకుండా ఊరికే వేసి ఆరబెట్టండి. ఆరాక ఆ చదరం కొలవండి. తొమ్మిదిన్నరకు వస్తే ఎంత ముప్పు తప్పిందో మీకే తెలుస్తుంది. మళ్లీ ఒకసారి ఉతికి కొలవండి. రెండో కొలత మొదటిదానితో సరిపోతేనే కత్తెర పట్టండి, తేడా ఉంటే ఇంకోసారి ఉతకండి. సాన్‌ఫరైజ్డ్ (మిల్లులోనే ముందుగా ముడిచినది) అని అంచు మీద అచ్చు ఉన్న మిల్లుబట్ట చాలా తక్కువ ముడుచుకుంటుంది, కానీ దానికీ చదరం గీసి చూడటంలో పోయేదేమీ లేదు.

ఇప్పటికే ముడుచుకున్న బొంతను ఇట్లా బాగు చెయ్యండి. పట్టీ మొత్తం విప్పండి, వరుసలు తాకొద్దు. బొంతను తడిపి, పిండకుండా నీళ్లు ఒత్తి తీసి, శుభ్రమైన చాప మీద పరిచి, చేత్తో మూలలు సరిచేసి అక్కడే ఆరనివ్వండి. ఆరాక అంచుల పొడవులు కొలవండి. ఎదురెదురు పక్కలు సరిపోకపోతే కొద్దిగా కత్తిరించి సరిచేసుకోండి. ఇప్పుడు ఉతికి ఆరిన బట్టలోంచి కొత్త పట్టీ తీయండి. పాతచీర కొంగు వైపు గట్టిగా ఉంటే అదే పట్టీకి అన్నిటికన్నా మేలు. కుట్టేటప్పుడు పట్టీని బొంత మీద ఊరికే పడుకోబెట్టి గుండుసూదులు గుచ్చుకోండి. లాగొద్దు. మూలల దగ్గర పట్టీకి ఒక బియ్యపుగింజంత వదులు ఇవ్వండి.

అంచు అలలు అలలుగా ఉంది, నడుమ బాగానే ఉంది

ఇది పైదానికి తలకిందులు. పట్టీ పొడుగైపోయింది లేదా బొంత అంచు సాగింది. క్రాస్‌గా (ఐమూలగా) కత్తిరించిన పట్టీని, బొంత అంచునూ కలిపి లాగి కుట్టినప్పుడు ఎక్కువగా వస్తుంది. లాగినప్పుడు సాగిన పట్టీ కింద బొంత అంచు కూడా కలిసి సాగుతుంది. పట్టీ విప్పి, బొంత అంచు వెంబడి అర అంగుళం లోపల చేత్తో ఒక సన్నటి పరుగు కుట్టు వేసి, దారాన్ని మెల్లగా లాగి అంచును కొలతకు తెచ్చుకోండి. ఆ మీద పట్టీ కుట్టండి. గుండ్రటి మూలలు లేకపోతే క్రాస్ పట్టీ అవసరమే లేదు.

వెనకవైపు ముడతలు, ముందువైపు సాఫీ

అడుగు పొరను మంచం మీద వదులుగా పరిచారు. మిగతా పొరలను పైన బిగించి లాగారు. కుట్టు అయ్యాక పై పొరలు తమ కొలతకు తాము వచ్చేసరికి అడుగుపొరలో ముడతలు. నేల మీదే పరచండి, పరిచిన బట్టను లాగకుండా చేత్తో నిమిరి వదిలేయండి. కచ్చా కుట్టు నడుమ నుంచి అంచులకు వెయ్యాలి, అంచుల నుంచి నడుమకు కాదు.

మిషన్ మీద కుట్టేవాళ్లకు ఇంకో కారణం: కింద ఉన్న పళ్లు కింది పొరను లాక్కుపోతాయి, పాదం ఒత్తిడికి పై పొర వెనక ఉండిపోతుంది. పాదం ఒత్తిడి తగ్గించి, కుట్టు పొడవు పెంచి, కచ్చా కుట్టు దగ్గర దగ్గరగా వేస్తే సరిపోతుంది.

దూది ఉండలు కట్టింది

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు వచ్చే ఊరు మనది, కాబట్టి లోపల దూది పెట్టాలని ఉంటుంది. పసిపిల్లల బొంతకు మాత్రం వద్దంటాను. పాత నూలు చీరల పొరలే తడిని పీల్చడంలో, ఆరడంలో, చేతికి తేలికగా ఉండటంలో దూదికన్నా మేలు. దూది పెట్టి తీరాలంటే వరుసలు రెండేసి వేళ్ల ఎడంతో వెయ్యాలి. బెత్తెడు ఎడంతో వేస్తే తడిసిన దూది జారి ఒక్కచోట చేరుతుంది, అట్లా చేరాక మళ్లీ పరచలేం. విప్పి, ఏకించి, కొత్తగా పెట్టుకోవాల్సిందే.

కుట్టు పక్కనే చిరుగులు

దారం బట్టకన్నా గట్టిది. పాతబట్ట నలిగి బలం తగ్గి ఉంటుంది, దాన్ని గట్టి పాలిస్టర్ దారంతో బిగిస్తే లాగుడు పడ్డప్పుడు చిరిగేది బట్టే. నూలు దారం వాడండి, దబ్బనం కాకుండా సన్నసూది పట్టండి. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పలుచబడ్డ చోట్లు తెలుస్తాయి. చీరలో మోకాళ్ల దగ్గర, కూర్చునే చోట ముందుగా అరుగుతుంది. ఆ భాగాలు లోపలి పొరలకు పెట్టండి. చిరిగినచోట పైనుంచి ఒక ముక్క వేసి వరుసలోనే కలిపి కుట్టేస్తే అది కూడా బొంత అందంలో భాగమే అవుతుంది.

రంగు దిగింది

ఎరుపు, మెరూన్, ముదురు నీలం. ముందే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి. తెల్లగుడ్డకు అంటుకుంటే ఆ ముక్క పసిపిల్లల బొంతకు వద్దు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందనే మాట నమ్మకండి. అద్దకంలో తేడా ఉన్న బట్టకు తర్వాత వేసే ఉప్పు ఏమీ చెయ్యదు. దిగిపోయాక ఆరనివ్వకుండా వెంటనే ధారాళంగా నీళ్లు పోసి సబ్బుతో నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చండి. మరక పోకముందు ఇస్త్రీ పెట్టకండి.

తడి పీల్చడం లేదు

మళ్లీ నీటిచుక్క పరీక్ష చెయ్యండి. పొరల్లో ఎక్కడో పాలిస్టర్ చీర దూరిందా చూడండి, మెత్తగా ఉందని చాలామంది పెట్టేస్తారు. బట్టంతా నూలే అయినా పీల్చకపోతే ఉతికేటప్పుడు బట్టను మెత్తబరిచే కంఫర్ట్ లాంటిది పోస్తున్నారేమో అడగండి. అది పోగు మీద పూతలా నిలుస్తుంది. రెండుమూడు సార్లు వేడినీళ్లలో ఉత్త సబ్బుతో ఉతికితే పోతుంది.

సూదిరంధ్రాల్లోంచి పీచు రావడం, మిషన్ టెన్షన్, దారం రంగు వెలవడం, ఇవి ఎప్పుడో ఒకసారి చూస్తాం. వాటికోసం బొంత విప్పాల్సిన పని లేదు.

ఇచ్చేముందు

లోపలివైపు దారం కొసలు వేలాడకూడదు. పసిపిల్లల కాలివేలికి దారం చుట్టుకుంటే రక్తం ఆగిపోయేంత బిగుస్తుంది, అందులోనూ వాళ్లు ఏడవడమే తప్ప ఎందుకో చెప్పలేరు. ప్రతి ముడినీ పొరల మధ్యకు లాగి, కొసను రెండు అంగుళాలు లోపలే నడిపి కత్తిరించండి. అద్దాలు, పూసలు, బొత్తాలు, కుచ్చులు ఏవీ వద్దు. ఏడాది లోపు పిల్లలు నిద్రపోతున్నప్పుడు బొంతలు, దుప్పట్లు పైన కప్పొద్దనీ, పక్కన మెత్తటివి పెట్టొద్దనీ పిల్లల డాక్టర్లు చెప్తారు. బొంత ఇచ్చేటప్పుడే ఆ మాట బాలింతకు, అమ్మమ్మకు చెప్పండి. మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి పిల్లను బోర్లా పడుకోబెట్టడానికి, ఒళ్లో పెట్టుకోవడానికి దీన్ని వాడతారు.

రెండు బొంతలు ఇవ్వగలిగితే ఇవ్వండి. శ్రావణంలో మందపాటి బొంత ఒక్క పూటలో ఆరదు, లోపల తేమ నిలిచి వాసన పడుతుంది. అందుకే వానాకాలం పిల్లకు మూడు పొరలకు మించి పెట్టను. వాసన పడ్డదాన్ని వేడినీళ్లలో ఉతికి, ఎండ కాసిన రోజు రెండువైపులా తిరగేస్తూ ఆరబెట్టాలి. మడతపెట్టేముందు నడుమ పొరలో, పట్టీ కింద తడి ఉందా లేదా వేళ్లతో ఒత్తి చూడండి. ఆఖరున ఆరేది పట్టీ మడతే.