గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్: ముందు గుర్తుపట్టండి, తర్వాత కొనండి

హైదరాబాద్‌లో కొత్తగా అక్వేరియం పెట్టుకుంటున్నాం, ఏ చేపలు తెచ్చుకోవాలి అని ఎవరడిగినా నా మాట ఒకటే: గుడ్లు కాకుండా నేరుగా పిల్లల్నే పెట్టే చేపలతో మొదలుపెట్టండి. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్. రంగుల్లో ఇవి దేనికీ తీసిపోవు, ధర తక్కువ, పైగా మన ఊరి నీళ్లకి బాగా అలవాటు పడతాయి. కాకపోతే మీరు కొంటున్నది ఏ చేపో, మగదో ఆడదో, కడుపుతో ఉందో లేదో మీకు తెలిసి ఉండాలి. అది తెలుసుకోకుండా "అన్నా, ఆ ఎర్రవి రెండు, నల్లవి రెండు ఇవ్వు" అని కవర్లో వేయించుకొని వచ్చారంటే, కొన్నాళ్లకి ట్యాంకు నిండా పిల్లలైనా ఉంటాయి, మగవాటి తరుముడుకి అలిసిపోయి ఓ మూల నక్కిన ఆడచేపలైనా ఉంటాయి.

రంగు చూసి చేపను గుర్తుపట్టకండి. ఎర్ర గప్పీ ఉంది, ఎర్ర ప్లాటీ ఉంది, ఎర్ర స్వోర్డ్‌టెయిల్ కూడా ఉంది. చూడాల్సింది ఒంటి ఆకారం. అన్నిటికన్నా చిన్నది మగ గప్పీ, ఒళ్లు సన్నగా 3 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, వెనక తోక మాత్రం విసనకర్రలా విప్పుకొని ఉంటుంది. ఆడ గప్పీ దానికి దాదాపు రెండింతలు, ఒళ్లు బూడిద రంగులో సాదాగా ఉండి తోక దగ్గర మాత్రమే కాస్త రంగు కనిపిస్తుంది. షాపుల్లో వినిపించే పేర్లన్నీ ఈ ఒక్క చేపలో రకాలే: ఒంటిమీద పాము చర్మంలాంటి గీతలుంటే కోబ్రా, నడుము నుంచి వెనక సగం నల్లగానో ముదురు నీలంగానో ఉంటే టక్సీడో, తోకమీద ముగ్గేసినట్టు మచ్చలుంటే మొజాయిక్, తల పక్కనుండే రెక్కలు పెద్దగా ఊగుతుంటే డంబో ఇయర్.

ప్లాటీ పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. ఇందులో ఆడా మగా రెండింటికీ ఒకేలా రంగుంటుంది కాబట్టి కొత్తవాళ్లకి ఇది మంచి ఎంపిక, ఏది తెచ్చుకున్నా కళగానే ఉంటుంది. తోక మొదట్లో ఒక పెద్ద నల్ల చుక్క, దాని పక్కన రెండు చిన్నవి ఉంటే అది మిక్కీ మౌస్ ప్లాటీ. ఒళ్లు ఎర్రగా, రెక్కలూ తోకా నల్లగా ఉంటే వ్యాగ్‌టెయిల్. స్వోర్డ్‌టెయిల్ ఒళ్లు పొడవు, మూతి కోసుగా ఉంటుంది, పెరిగితే 10 సెంటీమీటర్లు దాటుతుంది. కత్తిలా తోక కింది అంచు సాగేది మగదానికే, ఆడదానికి ఆ కత్తి ఉండదు, అందుకే ఎర్ర ఆడ స్వోర్డ్‌టెయిల్‌ని ప్లాటీ అనుకొని చాలామంది చిన్న ట్యాంకులో వేసేస్తారు. అసలు ఈ రెండూ దగ్గరి చుట్టాలు, కలిస్తే పిల్లలు కూడా పుడతాయి, షాపుల్లో ఉన్న వాటిలో చాలావరకు ఎప్పుడో కలిసిపోయిన జాతులే. ఇలా కలిసి పుట్టిన కొన్నింటికి ఒంటిమీది నల్ల మచ్చలే కణితులుగా మారతాయని 1920ల చివర్లోనే గమనించారు, చర్మ క్యాన్సర్ మీద పరిశోధనకి ఈ చేపల్ని ఇప్పటికీ వాడుతున్నారు. మీరు కొనేటప్పుడు చేయాల్సింది మాత్రం చిన్న పనే, నల్ల మచ్చ ఒంటితో సమానంగా ఉందా, ఉబ్బెత్తుగా ఉందా చూడండి. ఉబ్బెత్తుగా ఉంటే వదిలేయండి.

మోలీకి తల కాస్త చదునుగా, నోరు పైకి తిరిగి ఉంటుంది. మఖమల్ నలుపులో బ్లాక్ మోలీ, తెలుపు మీద నల్ల చుక్కలతో డాల్మేషన్, వీపు మీద రెక్క తెరచాపలా లేచేది సెయిల్‌ఫిన్. సెయిల్‌ఫిన్ బాగా పెద్దదవుతుంది, మూడడుగుల ట్యాంకు ఉంటేనే తీసుకోండి. గుండ్రంగా బూరలా కనిపించే బెలూన్ మోలీని మాత్రం నేను ఎవరికీ చెప్పను. ఆ గుండ్రదనం వెన్నెముక వంకర వల్ల వచ్చింది, లోపలి అవయవాలకి చోటుండదు, ఈదడానికే కష్టపడుతుంది. కొనేవాళ్లు తగ్గితే పెంచేవాళ్లూ తగ్గుతారు. రోజా, నీలం, ఊదా రంగుల్లో మెరిసే తెల్ల చేపలు కనిపిస్తే అది రంగు వేసిన సరుకేమో అని అనుమానించండి, మోలీలో సహజంగా అలాంటి రంగులుండవు.

ఇంకో చేప సంగతి కూడా చెప్పాలి. దోమల లార్వాని తినడానికి జీహెచ్‌ఎంసీ వాళ్లు చెరువుల్లో వదిలే గంబూసియా కూడా పిల్లల్ని పెట్టే చేపే, చూడ్డానికి అచ్చం ఆడ గప్పీలా బూడిద రంగులో ఉంటుంది. చెరువు నుంచి ఎవరైనా పట్టి తెచ్చిచ్చినది గప్పీయే అనుకొని ట్యాంకులో వేస్తే మిగతా చేపల తోకలు కొరికి పెడుతుంది. తోకమీదా వీపు రెక్కమీదా వరసగా సన్నటి నల్ల చుక్కలుంటే అది గంబూసియా.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది, మగ ఆడ తేడా. చేప పక్కకి తిరిగినప్పుడు పొట్ట కింద, తోకకి కాస్త ముందు ఉండే చిన్న రెక్కను చూడండి. ఆడదానికి అది త్రికోణంగా విప్పుకొని ఉంటుంది. మగదానికి అదే రెక్క సన్నటి పుల్లలా ఒంటికి ఆనుకొని వెనక్కి వాలి ఉంటుంది, ఒక్కోసారి ఆ పుల్లని అటూ ఇటూ తిప్పడం కూడా కనిపిస్తుంది. ఈ నాలుగు జాతులకీ ఇదే గుర్తు, రంగు మోసం చేసినా ఈ రెక్క చేయదు. ఒక్క చిక్కు ఏంటంటే, నెల కూడా నిండని పిల్లల్లో ఇది తెలియదు, స్వోర్డ్‌టెయిల్‌లో కొన్ని మగవి ఆలస్యంగా ఎదుగుతాయి, ఇన్నాళ్లూ ఆడది అనుకున్నది ఒకరోజు కత్తి తోక వేసుకుంటుంది. కడుపుతో ఉన్న ఆడదానికి ఆ త్రికోణపు రెక్క పైన పొట్టలో ముదురు మచ్చ కనిపిస్తుంది, రోజులు నిండేకొద్దీ అది పెద్దదవుతుంది. బ్లాక్ మోలీలో ఇది కనపడదు, పొట్ట సైజు చూసి తెలుసుకోవడమే.

షాపులో మగచేపలతో కలిసి పెరిగిన ఆడచేప ఏదైనా సరే, అది దాదాపుగా కడుపుతోనే వస్తుందని లెక్కేసుకోండి. ఒక్కసారి జత కడితే ఆ వీర్యాన్ని లోపల నెలల తరబడి దాచుకుంటుంది, మగది లేకుండానే మళ్లీ మళ్లీ పిల్లల్ని పెడుతుంది. గప్పీకి సుమారు నాలుగు వారాలకోసారి కాన్పు. పిల్లలొద్దు, రంగులు చాలు అనుకుంటే మగ గప్పీల్ని మాత్రమే తెచ్చుకోండి, హాయిగా ఉంటాయి. రెండూ కావాలంటే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేకపోతే ఒక్కదాని వెంటే పడి దాన్ని తిననివ్వవు. స్వోర్డ్‌టెయిల్ మగవి రెండుంటే కొట్టుకుంటాయి, చిన్న ట్యాంకులో ఒక్కటే ఉంచండి.

నీళ్ల దగ్గరికి వద్దాం. బోరు నీళ్లు గరుకు (హార్డ్ వాటర్), బకెట్లకి తెల్లచారలు, గీజర్ పాడు అని మనం రోజూ తిట్టుకుంటాం, కానీ ఈ చేపలకి కావాల్సింది ఆ గరుకే. ఇవి పుట్టిన మెక్సికో, వెనిజులా, ట్రినిడాడ్ ప్రాంతాల్లో చాలాచోట్ల నీళ్లలో ఖనిజాలు బాగా ఉంటాయి, పీహెచ్ 7 నుంచి 8 మధ్య వీటికి సుఖం. ఆర్వో నీళ్లు స్వచ్ఛంగా ఉంటాయి కదా అని అవి మాత్రమే పోసేవాళ్లున్నారు, అలా చేస్తే మోలీలు ఉన్నచోటే ఒళ్లు ఊపుతూ నిలబడిపోతాయి, అది ఒంట్లో బాగోలేదనడానికి మొదటి సూచన. అపార్ట్‌మెంట్లో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంటే అది కాల్షియం తీసేసి సోడియం పెడుతుంది, కాబట్టి ప్లాంటుకి ముందున్న నల్లా నుంచి పట్టుకోవడం మేలు. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లొచ్చే నల్లాలైతే క్లోరిన్ ఉంటుంది, బకెట్లో పట్టి ఒకరోజు మూత లేకుండా ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. ట్యాంకరు నీళ్లు ఒక్కోసారి ఒక్కో బోరు నుంచి వస్తాయి, ఒకేసారి ఎక్కువ మార్చకండి.

ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే సుమారు 55 లీటర్లు, మొదలుపెట్టడానికి అది చాలు. గుండ్రటి గాజు గిన్నెలు వద్దు. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఈ చేపలకి అన్నిటికన్నా మంచిది, పిల్లల్ని లోపలికి లాగేయదు, ధరా తక్కువే. పైన మూత తప్పనిసరి, స్వోర్డ్‌టెయిల్ ఎగిరి బయటపడుతుంది. ట్యాంకు పెట్టిన రోజే చేపల్ని వేయకండి, ఇది మరీ మరీ చెబుతున్నాను. చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమ్మోనియా విషం, దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్పాంజ్‌లో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ల దగ్గర నడుస్తున్న ఫిల్టర్ నుంచి పాత స్పాంజ్ ముక్క తెచ్చుకుంటే ఈ టైమ్ బాగా తగ్గుతుంది. స్పాంజ్‌ని నల్లా కింద కడగొద్దు, క్లోరిన్‌కి ఆ బాక్టీరియా చచ్చిపోతుంది, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చితే చాలు.

మన దగ్గర వేడితోనే ఎక్కువ టెన్షన్. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పైఅంతస్తు ఇళ్లలో అది 32 దాటుతుంది, వేడెక్కినకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటాయి. మూత స్థానంలో జాలీ పెట్టి ఒక చిన్న ఫ్యాన్ నీళ్ల మీదికి తిప్పండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఆవిరైనంత నీళ్లు మళ్లీ పోయండి. ఐస్ ముక్కలు నేరుగా వేయొద్దు, ఒక్కసారిగా చల్లబడితే వేడికన్నా ఎక్కువ నష్టం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 50 వాట్ల హీటరు కావాలి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

తిండి రోజుకి రెండుసార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంతే. మోలీకి ఆకుకూర కావాలి, పాలకూర ఆకు వేడినీళ్లలో ముంచి తీసి వేస్తే పీక్కుతింటాయి.

కాన్పు దగ్గరపడ్డ ఆడది మూలకి చేరి, హీటరు వెనకో మొక్కల మధ్యో ఒంటరిగా ఉంటుంది, పొట్ట గుండ్రంగా కాకుండా పలకలు తేలినట్టవుతుంది. పిల్ల ముడుచుకొని చిన్న ఉండలా బయటికొస్తుంది, కాస్త కిందికి జారుతుంది, అంతలోనే ఒళ్లు విప్పుకొని దగ్గర్లో ఉన్న నాచులోకి దూసుకెళ్తుంది. అరంగుళం కూడా ఉండదు, కళ్లు మాత్రం పెద్దగా కనిపిస్తాయి. ఒక్కో కాన్పుకి గప్పీ ఇరవై నుంచి యాభై దాకా పెడుతుంది, పెద్ద స్వోర్డ్‌టెయిల్ అయితే వందకి పైనే. తల్లి వాటిని తినేస్తుంది. దీనికోసం ఆడదాన్ని ప్లాస్టిక్ డబ్బాలో బంధించడం నాకు ఇష్టం లేదు, ఆ కంగారుకే కాన్పు పాడవుతుంది. అంతకన్నా జావా మాస్, హార్న్‌వర్ట్ లాంటి నీటి మొక్కలు దట్టంగా వేయండి, పుట్టినవాటిలో కొన్ని వాటంతటవే దక్కుతాయి. అన్నీ దక్కాలంటే పిల్లల్నే వేరే డబ్బాలోకి తీయండి. పొడిచేసిన ఫ్లేక్స్ (రేకుల్లా ఉండే చేపల తిండి) రోజుకి నాలుగైదుసార్లు వేయండి, వీలుంటే ఉప్పునీళ్లలో పొదిగించిన ఆర్టీమియా (రొయ్యల్లాంటి అతి చిన్న జీవులు) పెట్టండి, ఎదుగుదలలో తేడా కంటికి కనిపిస్తుంది. ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన పెట్టొచ్చు కానీ నీళ్లు వెంటనే పాడవుతాయి, సూదిమొన మీద ఆగేంతే వేయండి.

పాతబస్తీ ముర్గీ చౌక్ వైపు వెళ్లినా, మీ కాలనీ షాపుకే వెళ్లినా, కొనేముందు ట్యాంకు ముందు పది నిమిషాలు నిలబడండి. రెక్కలు మూసుకున్నవి, ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నవి, పొట్ట లోపలికి పోయినవి వద్దు. మలద్వారం దగ్గర ఎర్రటి దారప్పోగుల్లాంటివి వేలాడుతుంటే అవి కెమలానస్ పురుగులు, ఈ జాతుల్లో బాగా వస్తాయి, ఆ ట్యాంకులో ఏ చేపా కొనకండి. ఇంటికి తెచ్చాక కవరును ఇరవై నిమిషాలు నీళ్లమీద తేలనిచ్చి, మీ నీళ్లు కొంచెం కొంచెంగా అందులో కలిపి, చేపను వలతో తీసి వేయండి, కవర్లోని నీళ్లు పారబోయండి. వేరే చిన్న ట్యాంకుంటే రెండు మూడు వారాలు అందులోనే ఉంచండి. తెల్ల చుక్కలు వస్తే ఉష్ణోగ్రత నెమ్మదిగా 30కి పెంచి, ఎయిర్ పంపు జోరు పెంచి, లీటరుకి గ్రాము చొప్పున అయోడిన్ లేని దొడ్డుప్పు కరిగించి పోయండి. ఈ చేపలు ఉప్పుని బాగానే తట్టుకుంటాయి.

ఎక్కువైన చేపల్ని హుస్సేన్‌సాగర్‌లోనో దగ్గర్లోని చెరువులోనో నాలాలోనో వదలకండి. గప్పీలు మురికినీళ్లలో కూడా బతికి పిల్లల్ని పెట్టేస్తాయి, అక్కడి మన చిన్న చేపల తిండిని, చోటుని లాక్కుంటాయి. షాపువాళ్లని అడిగితే చాలామంది తీసుకుంటారు, డబ్బులివ్వకపోయినా బదులుగా తిండి ప్యాకెట్టో మొక్కలో ఇస్తారు. ఇచ్చే ముందురోజు తిండి ఆపండి, దారిలో నీళ్లు పాడవకుండా ఉంటాయి. కవర్లో మూడో వంతు నీళ్లు, మిగతాదంతా గాలి ఉండేలా కట్టండి, మధ్యాహ్నం ఎండలో బైక్ మీద కాకుండా పొద్దున్నే తీసుకెళ్లండి.